మస్టరు పడని మనుషులు

బొగ్గుగనుల నేలమీద పుట్టి పెరిగినవారికి 'మస్టరు' అనే మాటకు అర్థం చెప్పనవసరం లేదు. గోదావరిఖనిలో పలకా బలపం పట్టకముందే ఆ మాట పిల్లల చెవిని పడుతుంది. కార్మికుడు వేళకు బాయి మీదికి వెళ్లి హాజరు వేయించుకుంటే మస్టరు పడినట్లు. ఆలస్యమై గేటు దగ్గరనుంచి తిరిగి వస్తే మస్టరు పోయినట్లు. బదిలీ ఫిల్లరుగా చేరినవాడు ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు నింపుకోవటానికి పడే ఆరాటం ఇక్కడి పాత కుటుంబాలన్నిటికీ తెలుసు. మస్టరు అంటే కేవలం హాజరు కాదు. జీతం, బియ్యం, పిల్లల చదువు, బజారులో పరపతి, నలుగురిలో ఒక స్థానం. మస్టరు ఉన్నవాడు మనుషుల లెక్కలో ఉన్నవాడు.

మా ఇంట్లో ఇద్దరం కొడుకులం. నాకు మస్టరు ఉన్నది; ఈ కళాశాల హాజరుపట్టీలో ప్రతి ఉదయమూ సంతకం చేస్తాను. మా అన్నకు ముప్పై ఏడేళ్లు వచ్చేదాకా రేషను కార్డులో తప్ప ఏ పట్టీలోనూ పేరు లేదు. ఆయనను గూర్చి, ఆయనవంటివారిని గూర్చి ఈ సంచిక ద్వారా విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ నాలుగు మాటలు విన్నవించుకోవాలని చాలా కాలంగా నా కోరిక. వ్యాకరణమో, ప్రబంధమో వ్రాయవలసిన తెలుగు ఉపన్యాసకుడు సొంత ఇంటి సంగతి వ్రాయటమేమని ఎవరైనా అనుకుంటే, కడదాకా చదివిన పిమ్మట నిర్ణయించమని ప్రార్థన.

మా అబ్బా 1975లో సింగరేణిలో చేరారు. తట్టాచెమ్మస్ పట్టి టబ్బులు నింపిన తరం వారిది. అన్న 1985లో ఇంటివద్దనే పుట్టాడు. పుట్టగానే ఏడవలేదట. మంత్రసాని కాళ్లు పట్టి తలక్రిందులు చేసి తట్టిన చాలాసేపటికి సన్నని ఏడుపు వినిపించిందట. మూడేళ్లకు నడక, అయిదేళ్లకు మాట. అమ్మీ ఎక్కని దర్గా మెట్టు లేదు, కట్టించని తాయెత్తు లేదు. దానిని నేడు పరిహసించే చదువు నాకు అబ్బలేదు. దారి చూపేవారు లేని తల్లి తలుపున్న ప్రతి గడపా తట్టుతుంది. నేను నాలుగేళ్లు చిన్నవాణ్ణి. నన్ను ఒకటో తరగతిలో చేర్చేనాటికి అన్న కూడా అదే తరగతిలో ఉన్నాడు. మరుసటి ఏడు నేను రెండుకు వెళ్లాను. ఆయనను బడి మాన్పించారు. 'భాయి' అని పిలుస్తూనే చేయిపట్టి నడిపించవలసిన వింత బాధ్యత ఆ ఏడునుంచి నాది.

నేను ప్రాథమిక పాఠశాలలో ఉండగా అబ్బా సెలవు పెట్టి అన్నను సికింద్రాబాదు తీసుకువెళ్లారు. అక్కడ మనోవికాస్ నగర్‌లో కేంద్రప్రభుత్వం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఒకటి ఉన్నది. పరీక్షలు చేసి వారు చెప్పిన మాటలను అబ్బా ఇంటికి వచ్చి మాకు మరల మరల చెప్పేవారు: ఇది రోగం కాదు, మందుతో పోదు, పిచ్చి అంతకన్నా కాదు. మెదడు ఎదుగుదల నెమ్మదించింది. పిల్లవాడు నేర్చుకుంటాడు, కాని నిదానంగా. నేర్పేవారికి ఓపిక ఉండాలి.

ఈ భేదం చదువుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు. బుద్ధిమాంద్యం వేరు, మానసిక వ్యాధి వేరు. మొదటిది పుట్టుకతోనో బాల్యంలోనో ఏర్పడి జీవితాంతం ఉండే స్థితి. పుట్టినప్పుడు ప్రాణవాయువు అందకపోవటం, పసితనంలో మెదడువాపు, గర్భిణికి అయొడిన్ లోపం, డౌన్ సిండ్రోమ్ వంటి జన్యుకారణాలు దానికి దారితీస్తాయి. రెండవది ఎవరికైనా ఏ వయసులోనైనా రాగలది, చికిత్సకు లొంగగలది. 2011 జనాభా లెక్కల్లో మొదటి కోవవారు దేశంలో సుమారు 15 లక్షలు, రెండవ కోవవారు 7 లక్షల పైచిలుకు. కారణాలు వేరైనా వీరిద్దరికీ సమాజం వేసిన శిక్ష ఒక్కటే: ఇంట్లోనే ఉండు, ఎవరికీ కనపడకు.

ఆ శిక్ష గనుల కాలనీలో ఎంత కఠినమో బయటివారికి ఊహకందదు. పల్లెలో మందబుద్ధిగల కుర్రవాడు గేదెల వెంట పోతాడు, కళ్లంలో కూర్చుంటాడు, నీళ్లు మోస్తాడు. ఏదో ఒక పని అతనిని తనలో కలుపుకుంటుంది. మాది రెండు గదుల క్వార్టరు. అబ్బా రాత్రి షిఫ్టు దిగి ఉదయం వచ్చి, రొట్టె తిని పడుకునేవారు. భూగర్భంలో నిద్రమత్తు ప్రాణాంతకం. కాబట్టి పగటినిద్ర ఆయనకు అన్నంతో సమానం. అన్నకేమో పగలంతా గట్టిగా పాడటం, గిన్నె మీద కొట్టడం ఇష్టం. ఆ వారమంతా అమ్మీ ఆయనను వెంటబెట్టుకుని ఎండలో కాలనీ చుట్టూ తిరిగేది. ఒకనాడు వేపచెట్టు క్రింద కూర్చుని, 'పగటిపూట నాలుగు గంటలు వీణ్ణి కూర్చోబెట్టుకునే నీడ ఒకటుంటే చాలు' అన్నది. పగటి సంరక్షణ కేంద్రాలను గూర్చి నేను ఆ తర్వాత ఎన్నో పుటలు చదివాను. అమ్మీ చెప్పిన నిర్వచనం కంటె మంచిది నాకు కనపడలేదు.

పెద్దవాడైన కొద్దీ అన్నకు ఒక అలవాటు పట్టుకున్నది. మొదటి షిఫ్టు సైరను వినగానే అబ్బా పాత టోపీ పెట్టుకుని బాయి గేటు దాకా వెళ్లి నిలబడేవాడు. లోపలికి వెళ్లే ప్రతివానికీ సలాం చేసేవాడు. ఎవరో వచ్చి, 'సారూ, మీ అన్న గేటుకాడ నిలబడ్డడు, జర తోల్కపో' అని నాకు చెప్పేవారు. నేను విసుగుతో వెళ్లి తెచ్చేవాణ్ణి. అందరూ ఎక్కడికో వెళుతున్నారు, తానూ వెళ్లాలి అన్నదే ఆయన కోరిక అని నాకు అప్పట్లో తోచలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనక తప్పదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టలు మిత్రులకు నాకొక అన్న ఉన్నాడని చెప్పలేదు. ఒక రంజాన్ పండుగకు నలుగురు మిత్రులు మా ఇంటికి వస్తామన్నారు. నేను అమ్మీతో, భాయిని ఆ పూట పక్క క్వార్టరులో ఉంచమన్నాను. అమ్మీ నా ముఖం వంక ఒక్క క్షణం చూసి సరేనన్నది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, పక్కింటి అవ్వ వరండాలో మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. మిత్రులు షీర్‌ఖుర్మా త్రాగారు, నవ్వారు, వెళ్లారు. సాయంకాలం నేను బయటికి రాగానే ప్రహరీ అవతలనుంచి మెల్లగా అడిగాడు: 'ఛోటే, దోస్త్ లోగ్ గయే? అబ్ మై ఘర్ ఆవూఁ?'

ఆయన కంఠంలో కోపం లేదు. ఆ లేకపోవటమే నన్ను ఇన్నాళ్లూ వెంటాడుతున్నది. వైకల్యం ఆయన మెదడులో ఉన్నదో, నా హృదయంలో ఉన్నదో తేల్చుకోవటానికి నాకు చాలా కాలం పట్టింది.

అబ్బా 2013లో పదవీ విరమణ చేశారు. కంపెనీ నియమం ప్రకారం క్వార్టరు ఖాళీ చేశాము. అద్దె ఇంట్లో అన్నకు వీధి కొత్త, ముఖాలు కొత్త. పాత గేటు వెతుక్కుంటూ రెండుసార్లు తప్పిపోయాడు. 2019లో అబ్బా కన్నుమూశారు. పోయేముందు ఆస్తి మాట గాని, అప్పు మాట గాని చెప్పలేదు. 'వాణ్ణి ఎవరూ కొట్టకుండా చూడు' అన్నారు, అంతే. ఇటువంటి పిల్లలున్న తల్లిదండ్రులందరి గుండెలోనూ ఉండే ప్రశ్న ఇదే: మా తర్వాత ఎవరు?

ఆ ప్రశ్నకు సమాజం సమాధానం చెప్పకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6వ తేదీ చెప్పింది. తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా పరిసరాల్లో నడుస్తున్న ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది మనోరోగులు ఆహుతయ్యారు. వారు పరుగెత్తలేకపోయారు, సంకెళ్లతో కట్టివేయబడి ఉన్నారు. వారిని అక్కడ విడిచినవారందరూ క్రూరులని నేననను. మరొక చోటు లేక విడిచినవారు అందులో ఎందరో ఉండి ఉంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను గొలుసులతో బంధించటాన్ని నిషేధించింది. సంకెల తీయమనటానికి చట్టం చాలు. తీసిన తర్వాత ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకు ఊరే జవాబు చెప్పాలి.

ఇతర దేశాలవారు ఈ జవాబును వెతికిన తీరు చూస్తే ఒక విషయం నన్ను ఆకర్షించింది. ఏదీ పెద్ద భవనంతో మొదలు కాలేదు. 1946లో ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అనే తల్లి తనవంటి తల్లిదండ్రులను ఒకచోట చేర్చింది. ఆ సంఘం పెరిగి, 1966 నాటికి 'గేట్‌వే క్లబ్బులు' అనే సాయంకాలపు క్లబ్బులకు ఒక సమాఖ్యను ఏర్పరచింది. వారానికొకమారు ఊరి హాలులో కలవటం, ఆటలు, పాటలు, టీ, కబుర్లు. నడిపేవారు స్వచ్ఛంద సేవకులు. 1948లో న్యూయార్కులో, మానసిక చికిత్సాలయం నుంచి బయటికి వచ్చినవారు ఒకరికొకరు తోడుగా 'ఫౌంటెన్ హౌస్' నెలకొల్పుకున్నారు. అక్కడికి వచ్చేవారిని రోగులు అనరు, సభ్యులు అంటారు. 1962లో యూనిస్ కెనడీ ష్రైవర్ తన ఇంటి పెరటిలో ఇటువంటి పిల్లలకు వేసవి ఆటలు మొదలుపెట్టింది. ఆరేళ్లకు, 1968లో, షికాగో నగరంలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. అదే 1968లో మన హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఇటువంటి పిల్లల శిక్షణకు పూనుకున్నది. ఈ విషయంలో మనవారు ప్రపంచానికి వెనుకబడి లేరు. కాని రాజధానిలో వెలిగిన దీపం గనుల దాకా రావటానికి కాలం పట్టింది.

నేడు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేకావసరాలు గల బాలబాలికలకు అవి మేలు చేస్తున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది. ఆసరా పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. ఇవన్నీ స్వాగతించదగినవే. అయితే పద్దెనిమిది దాటిన మరునాడు ఆ బాలుడు ఎక్కడికి వెళ్లాలి? శరీరం పెద్దదైంది, బడి మూసుకున్నది, ఉద్యోగం లేదు, పెళ్లి లేదు. పింఛను అన్నం పెడుతుంది గాని తోడు ఇవ్వదు. నలభై, యాభై ఏళ్ల జీవితం ఎదుట ఖాళీగా ఉంటుంది.

2022లో, కరోనా భయం తగ్గిన తర్వాత, మా వీధికి దగ్గరలోని నాలుగు కుటుంబాలవారం మాట్లాడుకున్నాము. ఒక గనికార్మికుడు, ఒక ఆటో డ్రైవరు, భర్తను కోల్పోయిన ఒక తల్లి, నేను. ఒక హాలును ఆదివారం రెండు గంటలపాటు అడిగి తీసుకున్నాము. సింగరేణిలో ఆదివారాన్ని 'ప్లేడే' అంటారు. ఆ రోజు పనిచేసినవారికి రెట్టింపు వేతనం. ఆ పేరు మా కలయికకు తగినదే అయినది. మొదటివారం వచ్చినవారు నలుగురు. ఇప్పుడు తొమ్మిదిమంది. దానికి పేరు పెట్టలేదు, రిజిస్ట్రేషను లేదు. ఒక క్యారమ్ బల్ల, ఒక డోలకు, టీ కాచే స్టౌ, ఒక నోటుపుస్తకం, ఇవే మా ఆస్తి.

టీ అందించటం అన్నకు నేర్పిన విధానం చెబుతాను. ఉపాధ్యాయులు కాదలచిన విద్యార్థులకు ఉపకరిస్తుంది. ఆ పనిని తొమ్మిది మెట్లుగా విడగొట్టాము: చేతులు కడగటం, సాసరు పట్టడం, కప్పు పెట్టడం, మూడు వంతులు మాత్రమే పోయటం, రెండు చేతులతో ఎత్తటం, చూస్తూ నడవటం, ఆగటం, ఇవ్వటం, 'చాయ్' అని చెప్పటం. మొదట చివరి మెట్టు మాత్రమే ఆయనది, మిగిలినవి మావి. అది వచ్చిన పిమ్మట చివరి రెండు, ఆపైన మూడు. ఇలా వెనుకనుంచి ముందుకు నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసిన తృప్తి నేర్చుకునేవానికే దక్కుతుంది. అయిదు నెలలు పట్టింది, ఆరు కప్పులు పగిలాయి. నేడు ఇంటికి ఎవరు వచ్చినా టీ ఇచ్చేది అన్నే. ఆ పండుగనాడు వచ్చిన మిత్రులలో ఒకడు కిందటేడు మా ఇంటికి వచ్చాడు. అన్న కప్పు తీసుకుని వచ్చి ఎదుట నిలబడ్డాడు. 'మా పెద్దన్న' అని నేను పరిచయం చేశాను. ఆ రెండు మాటలు చెప్పటానికి నాకు పన్నెండేళ్లకు పైగా పట్టింది. నిదానంగా నేర్చుకునేవాడు ఆయన ఒక్కడే కాదు.

అంతా సుగమంగా సాగుతున్నదని చెప్పను. పెళ్లిళ్ల కాలంలో హాలు దొరకదు. ఒక కుర్రవానికి మూర్ఛ వచ్చిన రోజున మేమందరం బెదిరిపోయాము. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అని ఆ తర్వాత నర్సమ్మ ఒకరు వచ్చి నేర్పారు. అన్నిటికంటె పెద్ద లోపం, తొమ్మిదిమందిలో ఆడపిల్ల ఒక్కతే. మిగిలిన తల్లులు భయపడుతున్నారు. ఆ భయం నిష్కారణం కాదు. నమ్మదగిన స్త్రీలు నలుగురు అక్కడ ఉంటే తప్ప ఆ తలుపులు తెరుచుకోవు. మా విద్యార్థినులను తలచుకుని ఈ వాక్యం వ్రాస్తున్నాను.

తల్లిదండ్రులకు మరొక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండగానే చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షకత్వం ముగుస్తుంది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం క్రింద జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుని చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు. ఆ కమిటీలో జిల్లా కలెక్టరు ఉంటారు. ఆ ట్రస్టు కింద లక్ష రూపాయల వరకు వైద్యబీమా ఇచ్చే 'నిరామయ' అనే పథకమూ, పగటి కేంద్రాలకు తోడ్పడే మరొక పథకమూ ఉన్నాయి. దరఖాస్తు వ్రాయటం రాక ఎన్నో కుటుంబాలు వీటికి దూరంగా ఉంటున్నాయి. ఉర్దూలోనో తెలుగులోనో ఒక దరఖాస్తు వ్రాసిపెట్టటం మన విద్యార్థులకు ఎంతటి పని?

గనుల ప్రాంతంలో క్లబ్బులకు కొదవ లేదు. అధికారులకు క్లబ్బులున్నాయి, కార్మికులకు కమ్యూనిటీ హాళ్లున్నాయి, కార్మికుల ఆటలపోటీలకు వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉన్నది. మహిళల శిక్షణకు సింగరేణి సేవా సమితి ఉన్నది. ప్రతి డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం వైభవంగా జరుపుకుంటాము. ఇన్నిటి మధ్య వీరికొక గది దొరకటం అసాధ్యమని నేననుకోను. అయితే అడిగేవాడు ముందు తన ఇంటినుంచి మొదలుపెట్టాలి. కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది: ఆదివారాల్లో మూతపడి ఉండే మన తరగతి గదుల్లో ఒకదానిని, క్రింది అంతస్తులో, రెండు గంటలపాటు ఇప్పించండి. జాతీయ సేవా పథకం విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయవలసి ఉన్నది. అందులో కొన్ని గంటలు ఇక్కడ లెక్కించండి. డబ్బు అడగటం లేదు. గది, నీళ్లు, ఎనిమిదిమంది విద్యార్థులు, వారిలో సగం మంది విద్యార్థినులు చాలు.

విద్యార్థి మిత్రులారా! మీరు వారికి ఉపకారం చేయటానికి రానక్కరలేదు. క్యారమ్ ఆడటానికి రండి. అన్న తన వంతు కాకపోయినా స్ట్రైకరు తీసుకుంటాడు, తీసుకోవద్దని చెప్పండి. జాలిపడి ఓడిపోకండి, ఆయనకు తెలిసిపోతుంది. మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని తలుపు వెనుక ఎవరైనా ఉంటే వెంటబెట్టుకుని రండి. ముఖ్యంగా, నేను చేసిన తప్పు మీరు చేయకండి.

మా నోటుపుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి ఆదివారం అందరి పేర్లూ వ్రాసి, వచ్చినవారి పేరుకెదురుగా గీత గీయించాము. అన్న పెన్సిలు గట్టిగా పట్టుకుని కాగితం చిరిగేటంతగా ఒక గీత గీశాడు. అప్పటినుంచి ఆదివారం ఉదయం అబ్బా టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉంటాడు. గేటు దగ్గరికి వెళ్లటం మానివేశాడు. తిరిగి ఇల్లు చేరగానే అమ్మీకి చెప్పే మొదటి మాట ఒక్కటే: 'అమ్మీ, మస్టర్ పడ్‌గయా.'